అక్క మిగిల్చిన సగం

అడ్డంగా కోస్తే గింజల గది చుక్కలా కనిపిస్తుంది, నిలువుగా కోస్తే రెండు చెవుల్లా కనిపిస్తుంది, ఎలా కోసినా ఉడికాక ఒకటే గుజ్జు, అయినా చెయ్యి మాత్రం ప్రతిసారీ నిలువుకే పోతుంది, ఎందుకంటే అక్క నిలువుగానే కోసేది కదా అనుకుంటూ, అతను కత్తిని కాసేపు యాపిల్ మీద ఆనించి ఉంచాడు. కాడ దగ్గర నుంచి కిందికి, సరిగ్గా నడిమికి. కోసేది అక్క, ఎంచుకునేది తను. అది అమ్మ పెట్టిన కట్టు. కోసినవాళ్ళు ఎంచుకోకూడదు, ఎంచుకునేవాళ్ళు కోయకూడదు, అప్పుడు గొడవ రాదు. గొడవ రాలేదు, నిజమే. కానీ కత్తి పెద్దవాళ్ళ చేతికే ఇస్తారు కాబట్టి ఎప్పుడూ కోసింది అక్కే, ఎప్పుడూ ఎంచుకున్నది తనే. ఈ సంగతి అతనికి అరవై నాలుగో ఏట, వంటింట్లో నిలబడి, కత్తి తన చేతికి వచ్చాక గానీ తట్టలేదు.

ఎంత సమంగా కోసినా రెండు సగాలు సమంగా ఉండవు. కాడ ఒకవైపే ఉంటుంది. తొమ్మిదేళ్ళప్పుడే అతని కంటికి ఏ సగం బరువో తెలిసిపోయేది. ఒక్కసారి కూడా తప్పు ఎంచుకోలేదు. అక్కకి ఆ సంగతి తెలుసా? తెలిసే ఉండాలి. తెలిసినవాళ్ళే అంత నిదానంగా కోస్తారు.

అతను కత్తి దించాడు.

తొక్క సన్నగా, తెగకుండా, రిబ్బనులా తీయడం ఇప్పుడు చేతనవుతోంది. మొదటి వారం తొక్కతోపాటు కండ కూడా పోయేది. ఆ తొక్కల్ని పారేయడు. పల్చటి గుడ్డలో మూటకట్టి ముక్కలతోపాటే గిన్నెలో వేస్తాడు. తొక్కలోని ఎరుపు గుజ్జులోకి దిగుతుంది, కొంచెం చిక్కబడుతుంది కూడా. ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండాలి. లేకపోతే చిన్నవి కరిగిపోయి పెద్దవి పలుకుగా మిగులుతాయి. అక్క నమలలేదు. పలుకు తగిలితే పొలమారుతుంది, పొలమారితే కళ్ళు ఎర్రబడేదాకా దగ్గుతుంది, దగ్గు ఆగాక అతన్నే ఓదారుస్తుంది.

ముక్కల్ని గిన్నెలో వేసేముందు తూచాడు. రెండు వందల గ్రాములు. తూచకుండా అతను ఏ పనీ చేయలేడు. నలభై ఏళ్ళు కొట్టుకొట్టుకూ తిరిగి కాటాలు బాగుచేసిన చేతులవి. మొగ్గిన తక్కెళ్ళు, తుప్పుపట్టిన ముళ్ళు, అరిగిన రాళ్ళు అన్నీ ఆ చేతుల్లో మళ్ళీ నిజం చెప్పడం నేర్చుకునేవి. వీధంతా అతన్ని కాటా అనే పిలుస్తుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు.

నాలుగు చెంచాల నీళ్ళు, చిటికెడు ఉప్పు, గోరంత దాల్చినచెక్క. మూత పెట్టి మంట తగ్గించాడు. ఇక తొందరపడకూడదు. యాపిల్ తన నీళ్ళు తనే వదులుతుంది. మూత తీసి చూసినకొద్దీ ఆవిరి పోయి అడుగంటుతుంది. అందుకని అతను ముక్కాలిపీట మీద కూర్చుని మూత చప్పుడు వింటూ ఉంటాడు. మొదట టకటక, తర్వాత గుసగుస, ఆ తర్వాత ఏమీ లేదు. ఏమీ వినపడనప్పుడు దించాలి. గరిటె వెనకతో మెదిపి, జల్లెడలో పోసి రుద్దాలి. జల్లెడ పైన మిగిలిన పీచు చూసినప్పుడల్లా, ఇది అక్క గొంతులోకి పోవలసింది కదా అనుకుని, అతను లోపల్లోపల ఎవరినో గెలిచినట్టు సంతోషపడతాడు.

అక్క మంచం తలవైపు గోడకు ఆనించి ఉంటుంది. ఎడమవైపు కిటికీ, కుడివైపు తలుపు. పది వారాల కిందట ఒక పొద్దున్న ఆమె ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాట వినడం మానేశాయి. కుడి చెయ్యి బాగానే ఉంది. నోరు ఒకవైపు జారింది గానీ మాట నిలిచింది, మాటలో పదును అసలే పోలేదు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు ఒక గీత గీసి చెప్పాడు. మెత్తటివే పెట్టాలి, వారం వారం బరువు చూడాలి, నలభై కిలోల కిందికి దిగితే మళ్ళీ తీసుకురావాలి, ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పోయాలి. అక్క అంతా విని, నేనేమన్నా లాంతరునా, గొట్టం పెట్టి పోయడానికి, అంది. డాక్టరు నవ్వాడు. ఇంటికి వచ్చాక నవ్వు లేకుండా తమ్ముడి చెయ్యి పట్టుకుని, గొట్టం మాత్రం వద్దురా, అంది. అతను సరేనన్నాడు. చిన్నప్పటి నుంచీ ఆమె అతన్ని అడిగింది అదొక్కటే.

ఒళ్ళోని బల్లమీద గిన్నె పెట్టి, కుడి చేతికి చెంచా ఇచ్చాడు. ఆమె మొదటి చెంచా తీసి, నాలుక మీద ఉంచుకుని, కళ్ళు మూసుకుని మింగింది. రెండోది, మూడోది. అతను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. చెంచా గిన్నె కుడి అంచు నుంచి మొదలై నడిమికి వచ్చి ఆగింది. అక్కడ గీత గీసినట్టు, గోడ కట్టినట్టు గుజ్జు నిలబడి ఉంది. ఇవతల పింగాణీ తెల్లగా తుడిచినట్టుంది. అవతల తాకనైనా తాకలేదు.

"అయిపోయింది," అంది అక్క. చెంచాను చీరకొంగుకు తుడిచి, తల దించుకుంది.

అతను గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చి, నిలబడే, అదే చెంచాతో మిగతా సగం తిన్నాడు. అక్క ఎంగిలి తమ్ముడికి ఎంగిలి కాదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచీ ఇదే వరస. పొద్దుటి జావలో సగం, మధ్యాహ్నం పాలలో నానిన రొట్టెలో సగం, సాయంత్రం యాపిల్‌లో సగం. మొదటిరోజు ఇంకా ఉంది కదక్కా అనబోయి, ఆ నడిమి గీత చూసి ఆగిపోయాడు. కడుపు నిండినవాళ్ళు అంత తిన్నగా వదలరు. అంత సమంగా వదిలేది పంచేవాళ్ళే. అయిపోయింది అంటే నా వంతు అయిపోయింది అని. ఆ తల దించుకోవడం, ఆ సిగ్గు, ఇచ్చినట్టు కనపడకూడదనుకునేవాళ్ళ సిగ్గు. పైకి చెబితే చెడిపోయేవి కొన్ని ఉంటాయి. అందుకని అతనూ పైకి చెప్పలేదు. తన జీవితంలో తనకోసం ఎవరో ఒకరు రోజుకు మూడుసార్లు ఏదో ఒకటి దాచిపెట్టడం ఇదే మొదలు. ఆ ఊహను అతను నోట్లో యాపిల్ గుజ్జుతోపాటు నెమ్మదిగా తిప్పుకునేవాడు. గిన్నె కడిగాక కూడా చాలాసేపు ఆ రుచి పోయేది కాదు.

శుక్రవారం పళ్ళావిడ దగ్గరికి వెళ్ళాడు. మూలమలుపులో ఆవిడ తోపుడుబండి, దాని మీద అతనే ఒకప్పుడు బాగుచేసిన తక్కెడ. ఉడకడానికి ఏ పండు మంచిదో అతనికి నేర్పింది ఆవిడే. పుల్లటి గట్టి పచ్చవి రెండు, తీయటి మెత్తటి ఎర్రవి నాలుగు కలిపితే పంచదార అక్కర్లేదు, రుచి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. పచ్చవి తొందరగా ఉడకవు కాబట్టి ముందు అవి వేయాలి. ఎర్రవాటిలో మెరిసేవి కాకుండా బండి అడుగున ఉన్నవి తీసి తక్కెడలో వేసింది.

"ముడతలు పడ్డవే ఉడకడానికి మంచివి కాటాగారూ. మనలాగే," అంది.

అతను సంచీ పట్టుకుంటే ఆవిడ అతని నడుము వైపు చూసింది. అక్కగారికి యాపిల్ పెడుతూ మీరు యాపిల్‌లా తయారవుతున్నారే అంది. అతను నవ్వేశాడు. నిజమే, కిందటి నెలలో బెల్టు ఒక రంధ్రం వదులు చేశాడు, చొక్కా బొత్తాం కూర్చుంటే లాగుతోంది. ఇంట్లో కూర్చున్న ఒళ్ళు కదా అనుకున్నాడు. ఎందుకో ఆ క్షణాన, పైకి చెప్పకూడదనుకున్న మాట పైకి వచ్చేసింది. ఏం చేసిపెట్టినా అక్క సగం తనకు ఉంచుతుందని చెప్పాడు. చెబుతుంటే చెవులు వేడెక్కాయి.

పళ్ళావిడ చేతిలోని రాయిని పళ్ళెంలో సర్దింది.

"అదృష్టవంతులండీ. మా అన్నయ్యయితే నాకు గిన్నె కడిగే పని ఒక్కటే మిగిల్చేవాడు," అంది. తర్వాత పళ్ళున్న పళ్ళెంలో ఇంకో యాపిల్ ఊరికే వేసింది. ముల్లు మొగ్గింది. అతను చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం రోజూలాగే కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ వెలుతురు ఉంటుంది. ఒళ్ళో చిన్న తక్కెడ, దాని దండి ఆని ఊగే కత్తిమొనను చమురుగుడ్డతో తుడుస్తూ పళ్ళావిడ మాటలు అక్కకి చెప్పాడు. ముడతల మాట చెప్పి నవ్వాడు. అక్క నవ్వలేదు. ఇటు తిరగను కూడా లేదు. తలుపు వైపే చూస్తోంది, ఎవరో రావలసి ఉన్నట్టు. ఈమధ్య అంతే. అతను పక్కనే కూర్చుని గంటసేపు మాట్లాడినా గోడతో చెప్పుకున్నట్టే ఉంటుంది. ఏ మాటకు కోపం వచ్చిందోనని అతను తన మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసి చూసుకుంటాడు. తప్పేమీ దొరకదు. దొరికితే బాగుండు, క్షమాపణ చెప్పుకోవచ్చు.

మాటలు ఆపేసి, దీపం వేయడానికి లేచి, మంచం చుట్టూ తిరిగి తలుపు వైపు వచ్చాడు. అక్క ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది.

"ఎప్పుడొచ్చావురా? ఇంతసేపూ ఎక్కడికి పోయావు?"

"ఇక్కడే ఉన్నానక్కా. కిటికీ దగ్గర."

"అబద్ధాలు. చిన్నప్పటి నుంచీ నీకు అదొకటి."

అతను స్విచ్చి మీద చెయ్యి ఉంచి నిలబడిపోయాడు. ఒళ్ళుతోపాటు బుద్ధి కూడా జారుతోందన్నమాట. కానీ బుద్ధి జారినవాళ్ళు అంత ముచ్చటగా సగం ఎలా ఉంచగలరు? పోనీ, అన్నీ మరిచిపోయినా అదొక్కటి గుర్తుంచుకుందేమో. అలా అనుకున్నప్పుడు భయం కొంచెం తగ్గింది. దువ్వెన తీసుకుని ఆమె జుట్టు ఎడమ సగం చిక్కు తీశాడు. కుడి సగం ఆమే దువ్వుకుంది, పాపిడి దాకా నున్నగా. చెయ్యి అటు చేరదు పాపం అనుకున్నాడు.

శనివారం బరువు చూసే రోజు. ముందు గదిలో, అతను పనిచేసుకునే బల్ల పక్కన, ఒకప్పుడు బస్తాలు తూచిన పెద్ద కాటా ఉంది. అక్క దాని మీద నిలబడలేదు కాబట్టి అతను ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని తనే ఎక్కుతాడు. ఇద్దరి బరువులోంచి తన బరువు తీసేస్తే అక్క బరువు. మొదటి వారం తను ఒక్కడే ఎక్కి చూసుకున్నాడు, అరవై రెండు. ఇద్దరూ కలిసి నూట నాలుగు. అంటే నలభై రెండు. ఆ తర్వాత వారం నూట నాలుగు. ఆ తర్వాత వారమూ నూట నాలుగే. ముల్లు అక్కడే మేకు కొట్టినట్టు నిలిచింది. ఎప్పుడూ వచ్చే నర్సమ్మ భుజాన బరువు సంచీతో, ఇంకా రెండు వీధులు తిరగాలన్న ముఖంతో, గుమ్మంలోంచే అంకె అడిగి రాసుకుని వెళ్ళేది. కాలెండరు మీద ఎనిమిది శనివారాలు వరసగా నలభై రెండు అని అతని చేతిరాత ఉంది. అది చూసుకున్నప్పుడల్లా తన వంట మీద అతనికి గౌరవం కలిగేది.

ఈసారి వేరే నర్సు వచ్చింది. నలభై దాటిన మనిషి, పొట్టిగా, చెప్పులు బయట విడిచి వచ్చింది. సంచీ కిందపెట్టి ముందు అక్క దగ్గరికి వెళ్ళి కుడి మణికట్టు పట్టుకుంది. అక్క చేతి గడియారం మోచేతి దాకా జారింది. నర్సు దాన్ని మెల్లగా కిందికి లాగింది, వదిలేసింది. మళ్ళీ జారింది.

"పెద్దమ్మా, ఈ గడియారం మీదేనా?" అంది.

"నాదే. టైము బాగానే చూపిస్తుంది, ఉండమన్నచోట ఉండదంతే," అంది అక్క.

అతను అక్కను ఎత్తుకున్నాడు. మూటను ఎత్తినట్టు ఎత్తుతావేంరా అని ఆమె ప్రతివారం అనే మాట అంది. అతను కాటా ఎక్కాడు. ముల్లు ఊగి నూట నాలుగు దగ్గర నిలిచింది. నలభై రెండండీ, అన్నాడు. నర్సు రాసుకోలేదు. అక్కను పడుకోబెట్టాక, మీరొక్కరే ఒకసారి ఎక్కండి బాబాయిగారూ, అంది. అతను నవ్వి, నాది అరవై రెండమ్మా, అన్నాడు. ఎప్పుడు చూసుకున్నారు అని అడిగింది.

 ఆ ప్రశ్న అతనిదే. నలభై ఏళ్ళు ప్రతి కొట్లో అతను అడిగిన ప్రశ్న. ఖాళీ డబ్బా బరువు ఎప్పుడు చూశారు? నిన్న చూసింది ఇవాళ పనికిరాదండీ, అడుగున జిడ్డు పేరుకుంటుంది, తడి పడుతుంది, ప్రతిసారీ ముందు ఖాళీ డబ్బా తూచాలి, ఆ తర్వాతే సరుకు. ఎంతమంది కొట్లవాళ్ళకు వేలు చూపించి చెప్పాడో. ఇక్కడ డబ్బా తనే. కాళ్ళు కాటా మీదికి వెళ్ళాయి. ముల్లు అరవై రెండును దాటింది, అరవై నాలుగును దాటింది, అరవై ఆరు దగ్గర కొంచెం వణికి ఆగింది.

కాటాలో తప్పు లేదు. ఎక్కినవాడిలో ఉంది. నూట నాలుగులోంచి అరవై ఆరు పోతే ముప్ఫై ఎనిమిది. తొమ్మిది వారాలుగా ఇద్దరి మొత్తం మారలేదు. అక్క దగ్గర తగ్గింది అతని దగ్గర చేరింది, అంతే. ఎప్పుడూ బరువైన సగమే.

కాసేపటికి నర్సు, ఆవిడ ఎలా తింటారో చూస్తాను, ఏదైనా పెట్టండి, అంది. పొద్దున చేసిన జావ ఉంది. అతను గిన్నెలో పోసి తెచ్చాడు. అక్క తింది. నడిమికి వచ్చి ఆగింది. అయిపోయింది అంది, తల దించుకుంది. నర్సు గిన్నెలోకి చూసి, రోజూ ఇంతేనా అని అడిగింది.

"నాకు ఉంచుతుంది," అన్నాడతను, అక్కకి వినపడనంత మెల్లగా. అంత జరిగాక కూడా గొంతులో కొంచెం గర్వం మిగిలే ఉంది.

నర్సు గిన్నె పక్కకు తీసింది. ఆ తర్వాత పనిబల్ల మీద ఉన్న ఇత్తడి తూకంరాళ్ళు తెచ్చి, అక్క ముందు బల్ల మీద ఎడమ నుంచి కుడికి వరసగా పేర్చింది. అన్నిటికంటే పెద్దది, అరకిలో రాయి, ఎడమ చివర. మొత్తం తొమ్మిది.

"పెద్దమ్మా, ఎన్ని ఉన్నాయో చెప్పండి."

అక్క కుడి చివర నుంచి వేలుతో తాకుతూ లెక్కపెట్టింది. "ఐదు."

"అంతేనా? ఇంకేమీ లేవా?"

"కాటావాడి అక్కనమ్మా. రాళ్ళు లెక్కపెట్టడం నాకు నేర్పుతావా? ఐదు."

అతను అరకిలో రాయి వైపు చూస్తున్నాడు. గుడ్డివాడి చేతికి కూడా తగిలే రాయి. అక్క కళ్ళు దాని మీదుగా, అక్కడ బల్లే లేనట్టు జారిపోయి, ఐదో రాయి దగ్గరికి తిరిగి వచ్చాయి. ఆమె నర్సును చూసి మర్యాదగా నవ్వింది, పరీక్షలో సులువైన ప్రశ్న వచ్చినవాళ్ళలా.

ముందు గదిలోకి వచ్చాక నర్సు గొంతు తగ్గించి చెప్పింది. కళ్ళలో లోపం లేదు. బుద్ధిలోనూ లేదు. మెదడులో దెబ్బ తగిలిన చోటు అలాంటిది. ఆవిడకి ఎడమపక్క అనేది లేదు. అటు చీకటిగా ఉంటే, ఏమిటా చీకటి అని మనిషి వెతుక్కుంటుంది. చీకటి కూడా లేదు, కాబట్టి వెతకదు. సగం గిన్నె తింటే ఆవిడకి గిన్నె మొత్తం అయిపోయినట్టే. ఆసుపత్రిలోనే ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది, చెప్పకుండానే పంపారు. వారం వారం వచ్చిన మేమూ చూడలేదు, అంది. కుడివైపు నుంచే మాట్లాడమంది, మెల్లమెల్లగా అటు తిరగడం నేర్పవచ్చంది. ముప్ఫై ఎనిమిది అని మాత్రం రాయక తప్పదు. బుధవారం డాక్టరు చూస్తాడు. ఆలోగా బరువు ఆగిందని చూపించగలిగితే తను మాట్లాడుతుంది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "గిన్నె తిప్పితే చాలు బాబాయిగారూ. సగం అయ్యాక ఆ వైపు ఈ వైపుకి తిప్పండి. ఇన్నాళ్ళూ మీకు ఏమీ అనిపించలేదా?" అంది.

"అనిపించింది," అన్నాడతను. "వేరే అనిపించింది."

ఆమె వెళ్ళాక అతను కాటా పక్కన నిలబడి, దాని పళ్ళేన్ని కాలితో మెల్లగా నొక్కుతూ వదులుతూ చాలాసేపు ఉన్నాడు. ముల్లు లేస్తోంది, పడుతోంది. అక్కని ఆకలికి మాడ్చి తను తిన్నాడు. ఆ మాట ఎటు తిప్పినా అంతే బరువుంది. కానీ ఆ మాట అడుగున ఇంకో మాట ఉంది, సిగ్గులేనిది, అతను చూడకూడదనుకుంటున్నదే: ఎవరూ నాకు ఏమీ ఉంచలేదు. తొమ్మిది వారాలు తను రుచి చూసింది ప్రేమ కాదు, ఒక దెబ్బ ఆకారం. ఆ నడిమి గీత గీసింది అక్క చెయ్యి కాదు. నర్సు తీసుకుపోయింది తన లెక్క ఒక్కటే అయితే బాగుండేది. ఆ సగం కూడా పట్టుకుపోయింది. గిన్నె తిప్పితే అక్క బతుకుతుంది. తిప్పిన ఆ క్షణం నుంచీ ఇక ఎవరూ ఏదీ మిగల్చరు. రెండూ ఒకే చేతిపని. ఇంత చిన్న పనిలో రెండు ఇంత పెద్దవి ఎలా పట్టాయో అతనికి అర్థం కాలేదు.

పచ్చది ఒకటి, ముడతలవి రెండు. నిలువుగా కోశాడు. ఈసారి తూచలేదు. మూత టకటకలాడింది, గుసగుసలాడింది, ఊరుకుంది. అతను ఊరుకున్న తర్వాత కూడా కాసేపు వింటూ కూర్చున్నాడు, కొంచెం అడుగంటింది. అంటినదాన్ని కదపకుండా పైది తీసి, మెదిపి, జల్లెడ పట్టాడు. ఎండ ఇంకా కిటికీలోనే ఉంది. కుర్చీని అక్కడ నుంచి ఎత్తి, మంచం చుట్టూ తిప్పి, తలుపు వైపు వేశాడు. దారి మూసుకుపోయింది. పోతే పోనీ అనుకున్నాడు.

"ఇవాళ పని లేదా ఏంటి, ఇంత తొందరగా వచ్చావు," అంది అక్క. కళ్ళు అతని ముఖం మీదే ఉన్నాయి.

అతను గిన్నె పెట్టాడు. ఆమె తింటుంటే దగ్గర నుంచి చూడడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ గుమ్మంలోంచే చూశాడు. ప్రతి చెంచాకూ ముందు ఆమె కొద్దిగా ఆగుతోంది. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు, మనసులో తనను తనే వద్దంటున్నట్టు. ఆ తర్వాత ఓడిపోయి తింటోంది. చెంచా నడిమికి వచ్చింది. పింగాణీ మీద గీసుకుంది, మళ్ళీ గీసుకుంది.

"అయిపోయింది." చెంచా తుడిచి తల దించుకుంది.

అతను గిన్నె తీయలేదు. ఎదురుచూసి ఎదురుచూసి ఆమె తల ఎత్తింది.

"ఏరా, తీసుకెళ్ళవేం?"

 ఆమె కుడి చేతివేళ్ళు దుప్పటి అంచును మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాయి.

"తెలుసులే ఎందుకు చూస్తున్నావో," అంది. "మళ్ళీ మొత్తం నేనే తినేశాను. రోజూ అనుకుంటానురా, సగం వాడికి ఉంచాలి, సగం వాడికి ఉంచాలి అని. తింటూ తింటూ చూసేసరికి గిన్నె ఖాళీ. ఈ వయసులో ఇదేం తిండిపోతుతనమో. నువ్వు ఒక్కమాట అనవు, ఖాళీ గిన్నె పట్టుకుని పోతావు. వంటింట్లో ఏం తింటున్నావో, అసలు తింటున్నావో లేదో."

ఆ సిగ్గు అదన్నమాట. రోజుకు మూడుసార్లు, తొమ్మిది వారాలు.  

"తింటూనే ఉన్నానక్కా. బెల్టు కూడా వదులు చేశాను."

"చూపించు."

అతను లేచి నిలబడి చొక్కా పైకెత్తి చూపించాడు. ఆమె కళ్ళు చికిలించి, అరిగిన రంధ్రాన్ని, దాని పక్కన కొత్త రంధ్రాన్ని చూసింది. పెదవి జారిన వైపు జారినట్టే ఉండగా రెండో వైపు అంచు నవ్వింది.

"అయితే నాకు తెలీకుండా ఎక్కడో బాగానే మేస్తున్నావు."

"ఆఁ," అన్నాడతను. కూర్చున్నాడు. "అక్కా, అమ్మ పెట్టిన కట్టు గుర్తుందా?"

"కోసినవాళ్ళు ఎంచుకోకూడదు."

"ఇప్పుడు కోస్తున్నది నేను. ఇక ఎంచుకోవాల్సింది నువ్వు."

ఆమె గిన్నెలోకి చూసింది. తెల్లగా మెరుస్తున్న పింగాణీని చూసి, తమ్ముడి వైపు జాలిగా చూసింది.

"ఖాళీ గిన్నెలో ఎంచుకోవడానికి ఏముందిరా?"

అతను గిన్నె అంచు మీద రెండు వేళ్ళు ఆనించి, ముల్లును సున్నా దగ్గరికి తెచ్చేటప్పటంత నెమ్మదిగా, సగం చుట్టు తిప్పాడు.